అవ్వ ఫోన్లో తేలు బొమ్మ: ఐకాన్ల చరిత్రలో మన వాటా

పొడుగు పోస్టు ఇది. సెమిస్టర్ పరీక్షలు అయిపోయినాయి కాబట్టి ఓపికగా చదవండి. లేకపోతే సేవ్ చేసుకుని తర్వాత చదవండి.

పోయిన మామిడి సీజన్లో మా ఇంట్లో రెండు రోజులు పొయ్యి సరిగ్గా వెలగలేదు. కారణం ఒక బొమ్మ. ఫోన్లో ఉండే అంగుళం కూడా లేని బొమ్మ.

మాది బంగారుపాళ్యం దగ్గర చిన్న ఎరుకల కాలనీ. మా అవ్వకి చదువు రాదు. నా పాత ఫోన్ ఆమెకిచ్చి నాలుగేళ్లయింది. ఆమె ఫోన్ వాడేది అక్షరాలతో కాదు, ఐదు బొమ్మలతో. పచ్చది నొక్కితే ఫోన్ పోతుంది. ఇంకో పచ్చది నొక్కితే తిరుపతి హాస్టల్లో ఉండే నేను కనపడతాను. ఎర్రది పాటలు. నల్ల గుండు ఉండేది కెమెరా. నీలంది బ్యాంకు. ఉపాధి పనికి పోయిన కూలి, సీజన్లో పల్పు ఫ్యాక్టరీలో కాయలు కోసిన కూలి అందులోనే పడతాయి. రోజూ పొద్దున ఆ నీలం బొమ్మ ఉందా లేదా అని ఒకసారి చూసుకుని, నొక్కకుండానే ఫోన్ గూట్లో పెట్టేస్తుంది. బొమ్మ ఉంటే డబ్బు ఉన్నట్టే అని ఆమె లెక్క.

ఒక రాత్రి ఆ యాప్ దానంతట అదే అప్‌డేట్ అయింది. పొద్దున లేచేసరికి నీలం పోయి తెల్లది వచ్చింది. మధ్యలో ఉండే గుర్తు కూడా మారింది. అవ్వ చూసింది. "నా లెక్క పోయింది" అనింది. ముందురోజు సాయంత్రం ఫోన్ పట్టుకుని క్రికెట్ చూసింది మా చిన్నాయన. ఇంక చెప్పాల్సిన పనేముంది? ఆయన ప్రమాణాలు చేసినాడు. అవ్వ నమ్మలేదు. ఆయన అన్నం తినకుండా మండీకి వెళ్లిపోయినాడు. నేను శనివారం ఇంటికి పోయి ఆ తెల్ల బొమ్మ నొక్కి చూపించినాను. నాలుగు వేల చిల్లర, పైసా తగ్గకుండా ఉండాది. అవ్వ చిన్నాయనకి సారీ చెప్పలేదు. మన పెద్దోళ్లు చెప్పరు కదా. ఆ రాత్రి చేపల కూరలో తలకాయ ఆయన తట్టలో వేసింది, అంతే.

అప్పటి నుంచి నా తలలో ఒకటే తిరుగుతా ఉండాది. ఈ బొమ్మలు ఎవరు వేస్తారు? ఎవరు మారుస్తారు? మనం మార్చుకోలేమా? చదువుతా పోతే ఇది నేను అనుకున్నదానికన్నా పాత కథ అని అర్థమైంది. అందులో మన వాళ్లు కూడా ఉన్నారని తెలిసింది.

ముందు ఒక మాట. ఐకాన్‌కి తెలుగులో పదం లేదని ఎవరైనా అంటే నమ్మకండి. గుర్తు అనే పదం ఉంది. ఎన్నికల గుర్తు అంటాం, గొర్రె చెవికి వేసేది గుర్తు అంటాం, చెట్టు మొదట్లో పెట్టేది గుర్తు అంటాం. అదే పదంతో "గుర్తుంది" అంటే మర్చిపోలేదు అని, "గుర్తుపట్టినా" అంటే పోల్చుకున్నా అని. బొమ్మ, జ్ఞాపకం, పోలిక మూడూ ఒకే పదంలో ఉన్నాయి. ఫోన్ ఐకాన్ చేసే పని కూడా సరిగ్గా ఈ మూడే. కనపడాలి, గుర్తుండాలి, మళ్లీ చూసినప్పుడు పోల్చుకోవాలి. ఒక్కటి తప్పినా మా ఇంట్లో జరిగినట్టే జరుగుతుంది.

మనిషి శరీరం మీద గుర్తు వేసే పని తరతరాలుగా చేసింది మన ఎరుకల ఆడవాళ్లు. బుట్టలు, చాటలు అల్లడం, ఎరుక చెప్పడం, పచ్చబొట్లు పొడవడం, ఈ మూడింటితో ఊరూరా తిరిగినారు. ఎరుక చెప్పే ఎరుకలసాని అంటే ఈ జిల్లాలో తెలియనోళ్లు ఉండరు. పద్మావతమ్మ దగ్గరికి ఆ శ్రీనివాసుడే ఎరుకలసాని వేషంలో వచ్చి సోది చెప్పినాడని తిరుపతి కథ. కానీ పచ్చబొట్టు సంగతి ఎవరూ అంతగా చెప్పరు. 1909లో ఎడ్గర్ థర్‌స్టన్ మద్రాసు నుంచి వేసిన ఏడు సంపుటాల కులాల పుస్తకంలో కొరవల గురించి రాసినప్పుడు ఈ పచ్చబొట్ల సంగతి ఉంది. చుక్క, గీత దగ్గర నుంచి చిక్కుముడి లాంటి డిజైన్ల దాకా. తేళ్లు, పక్షులు, చేపలు, పువ్వులు. ఆ పుస్తకం మన వాళ్ల గురించి చాలా చోట్ల అన్యాయంగా రాసింది, అది వేరే పోస్టు. కానీ ఆ బొమ్మల పట్టీ చదువుతుంటే మా అవ్వ చెయ్యి చూసినట్టే ఉంటుంది. ఆమె ఎడమ మోచేతి కింద తేలు ఉంది. వాళ్లమ్మ పొడిచింది.

అవ్వ చిన్నప్పుడు తను కూడా పొడిచిందంట. మూడు సూదులు కలిపి దారంతో కడతారు. దీపం మసి, ఆకు పసరు కలిపి దాంట్లో ముంచి చుక్క చుక్కగా గుచ్చుతారు. ఇక్కడ గమనించండి. గీత గియ్యరు. చుక్కలు పెడతారు. చుక్కలు దగ్గర దగ్గరగా పడితే దూరం నుంచి గీత లాగా కనపడుతుంది. మన ఇళ్ల ముందర ముగ్గు కూడా అంతే, ముందు చుక్కలు, తర్వాత బొమ్మ. కంప్యూటర్ వాళ్లు పిక్సెల్ అనేది ఈ చుక్కనే. స్క్రీన్ మీద వంకర గీత అనేది ఏదీ లేదు, అన్నీ చుక్కలే.

ఇప్పుడు జాతరల్లో మిషన్‌తో టాటూ వేస్తారు. పేరు రాయమంటే పేరు రాస్తారు. ఒకప్పుడు పేరు రాయించుకునే వాళ్లు తక్కువ, బొమ్మ వేయించుకునే వాళ్లు ఎక్కువ. ఎందుకంటే రాసేవాళ్లకీ చదువు లేదు, రాయించుకునే వాళ్లకీ లేదు.

చదువు రాని జనానికి బొమ్మతో చెప్పడం అనేది వ్యాపారులు కూడా ముందే కనిపెట్టినారు. బ్రిటిష్ కాలంలో మాంచెస్టర్ నుంచి వచ్చే బట్టల తానుల మీద దేవుళ్ల బొమ్మలు, ఏనుగులు, పులులు ఉన్న రంగుల చీటీలు అంటించి పంపేవాళ్లు. కొనేవాళ్లు కంపెనీ పేరు చదవరు, "ఏనుగు తాను ఇవ్వు" అంటారు. అగ్గిపెట్టె, బీడీ కట్ట కూడా అదే దారిలో నడిచినాయి.

తర్వాత ప్రభుత్వం వంతు. 1951లో దేశంలో చదువు వచ్చినవాళ్లు నూటికి 18 మందే. ఆ ఏడాది అక్టోబరు నుంచి 1952 ఫిబ్రవరి దాకా మొదటి సాధారణ ఎన్నికలు జరిగినాయి. మన చిత్తూరు జిల్లా అప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉండేది. ఓటర్లలో ఎక్కువ మందికి పేర్లు చదవడం రాదు కాబట్టి ప్రతి అభ్యర్థికీ ఒక పెట్టె, పెట్టె మీద ఒక గుర్తు. కాడికి కట్టిన ఎద్దుల జత, కంకి కొడవలి, చెట్టు, గుడిసె, ఏనుగు, దీపం. కాగితం మీద ముద్ర వేసే పని లేదు, నచ్చిన బొమ్మ ఉన్న పెట్టెలో చీటీ వేస్తే చాలు. ఒకసారి ఆలోచించండి. తెర వెనక్కి పోతే వరసగా పెట్టెలు, ఒక్కో దాని మీద ఒక్కో బొమ్మ, ఒకటి ఎంచుకుని పని ముగించుకుని రావాలి. మనం ఇప్పుడు హోమ్ స్క్రీన్ అంటున్నది అదే కదా! 1960ల మొదట్లో ఒకే బ్యాలెట్ కాగితం మీద అన్ని గుర్తులూ వేసి ముద్ర కొట్టే పద్ధతి వచ్చింది.

ఎన్నికల సంఘంలో ఎం.ఎస్. సేఠీ అనే డ్రాఫ్ట్స్‌మన్ ఉండేవాడు. ఈ గుర్తులు చాలావరకు ఆయన పెన్సిల్‌తో గీసినవే. పదవీ విరమణ 1992లో. ఇంట్లో, వీధిలో, పొలంలో కనపడే వస్తువులే గీసినాడు. ఇప్పటికీ స్వతంత్రులకు ఇచ్చే గుర్తుల పట్టీలో కుక్కర్, కుట్టుమిషన్, ఇటుకలు కనపడతాయి. పక్కనే కొత్తగా లాప్‌టాప్, పెన్‌డ్రైవ్, సీసీ కెమెరా కూడా చేరినాయి. ఆయన గీతలో ఒక నియమం కనపడుతుంది. నీడలు ఉండవు, అలంకారం ఉండదు, నలుపు తెలుపుల్లో నాసిరకం కాగితం మీద అచ్చైనా పోల్చుకోవచ్చు. ఐకాన్ డిజైన్ నేర్పే క్లాసుల్లో ఆయన పేరు చెప్పరు. చెప్పాలి అని నా అభిప్రాయం.

ఇక్కడ ఇంకో గుర్తు గురించి చెప్పకుండా ముందుకు పోలేను. వేలిముద్ర. ప్రపంచంలో తొలి వేలిముద్రల బ్యూరో అని చెప్పే ఆఫీసు 1897లో కలకత్తాలో పెట్టినారు. ముద్రల్ని వరసలుగా విడగొట్టే లెక్క తయారు చేసిన పనిలో అజీజుల్ హక్, హేమ్ చంద్ర బోస్ అనే ఇద్దరు మనవాళ్లే ఉన్నారు. పేరు మాత్రం పై ఆఫీసర్ ఎడ్వర్డ్ హెన్రీకి వచ్చింది. 1871లో ఉత్తరాదిన మొదలైన నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వచ్చింది. ఆ చట్టం కింద పేరు నమోదైన వాళ్ల వేలిముద్రలు ఎప్పుడంటే అప్పుడు తీసుకోవచ్చు. మన ఎరుకల వాళ్లను ఆ పట్టీలోకి ఎక్కించినారు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్‌మెంట్ ఆ రోజుల్లోదే, సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చి నడిపించినారు. చట్టాన్ని మద్రాసు రాష్ట్రం 1947లో తీసేసింది, దేశమంతా 1952 ఆగస్టు 31న రద్దయింది. అంటే మన పెద్దోళ్లు ఒక గుర్తుకి ఇష్టంగా చెయ్యి చాపినారు, ఇంకో గుర్తుకి బలవంతంగా వేలు ఇచ్చినారు.

2010లో ఆధార్‌కి లోగో ఎంచుకున్నారు. ఎరుపు పసుపు సూర్యుడి మధ్యలో వేలిముద్ర గీతలు. చూసేదానికి బాగుంటుంది, అతుల్ సుధాకర్‌రావు పాండే గీసినాడు. దాన్ని చూసినప్పుడల్లా నాకు ఆ పాత రిజిస్టర్లే గుర్తొస్తాయి. మా అవ్వకి మాత్రం అంత చరిత్ర తెలియదు. ఆమె బాధ వేరు. వెదురు చీల్చి చీల్చి వేళ్లు అరిగిపోయినాయి, మిషన్ మీద ముద్ర పడదు. "అప్పుడు వద్దన్నా యేసుకున్న్యారు, ఇప్పుడు యేస్తానన్నా పడల్యా" అని వాళ్ల నాయన మాట కలిపి నవ్వుతుంది. ఆ నవ్వు నాకు నచ్చదు.

సరే, కంప్యూటర్‌లోకి పోదాం. స్క్రీన్ మీద బొమ్మకి ఐకాన్ అనే పేరు పెట్టింది డేవిడ్ కాన్‌ఫీల్డ్ స్మిత్, 1975లో స్టాన్‌ఫోర్డ్‌లో చేసిన పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథంలో. తూర్పు క్రైస్తవుల చర్చిల్లో పూజించే పటాలను ఐకాన్ అంటారు, ఆ మాట తెచ్చుకున్నాడు. 1981లో జిరాక్స్ కంపెనీ స్టార్ అనే కంప్యూటర్ అమ్మకానికి పెట్టింది. దాని స్క్రీన్ ఒక ఆఫీసు బల్ల. కాగితం, ఫోల్డర్, ఉత్తరాల ట్రే. గుమాస్తా బల్ల చూసిన వాళ్లకి అర్థమయ్యే బొమ్మలు అన్నమాట. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తా.

1983లో సూసన్ కేర్ అనే చిత్రకారిణి ఆపిల్‌లో చేరింది. ఆమెకి కంప్యూటర్ రాదు. గళ్ల నోటు పుస్తకం కొనుక్కుని, ఒక్కో గడిని ఒక్కో చుక్క అనుకుని పెన్సిల్‌తో నింపింది. అడ్డం 32, నిలువు 32, మొత్తం 1,024 గళ్లు. నలుపు లేదా తెలుపు, మధ్యలో ఇంకో రంగు లేదు. చెత్తబుట్ట, నవ్వే కంప్యూటర్, బాంబు, రంగు డబ్బా అందులోనే పుట్టినాయి. 1984 జనవరిలో వచ్చిన మాకింటోష్‌తో అవి ప్రపంచానికి తెలిసినాయి. ఇది మొజాయిక్, సూదికుట్టు లాంటి పనే అని ఆమె తర్వాత చాలాసార్లు చెప్పింది. సుగాలి అక్కలు గుడ్డ మీద దారం లెక్కపెట్టి కుట్టే పని చూసినవాళ్లకి ఆ మాట వెంటనే ఎక్కుతుంది. 1,024 గళ్లలో ఒక కుక్కని పట్టించడం, మూడు సూదులతో మోచేతి మీద తేలుని పట్టించడం, రెండూ ఒకే రకం తెలివి. ఒకరికి మ్యూజియంలో చోటు దొరికింది, ఇంకొకరికి థర్‌స్టన్ పుస్తకంలో ఒక వాక్యం దొరికింది.

ఫోన్ల సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి త్వరగా చెప్తా. 2007లో వచ్చిన మొదటి ఐఫోన్ స్క్రీన్ మీద 16 బొమ్మలు, బయటి యాప్ వేసుకునే వీలు లేదు. 2008 జులైలో యాప్ స్టోర్ తెరిచినప్పుడు 500 యాప్‌లు. అదే ఏడాది ఆండ్రాయిడ్ ఫోన్ వచ్చింది. మొదట్లో బొమ్మలు నిజం వస్తువుల్లాగా ఉండేవి, తోలు, చెక్క, గాజు మెరుపు. 2013లో ఆపిల్ అవన్నీ తీసేసి చదునైన రంగులు పెట్టింది, మిగతా వాళ్లూ అదే బాట. 2020 అక్టోబర్లో గూగుల్ తన మెయిల్, క్యాలెండర్, డ్రైవ్, మీట్ అన్నింటికీ అవే నాలుగు రంగులు పులిమింది. చదువుకున్న వాళ్లే ఏది ఏదో తెలియక తిట్టుకున్నారు.

బొమ్మ అనుకునేది కూడా ఒక్కోసారి అక్షరమే. ఫోన్‌పే ఊదారంగు గుండ్రంలో ఉండేది నాగరి లిపిలో పే అనే అక్షరం. బంగారుపాళ్యం టీ అంగట్లో ఎవరికీ అది అక్షరం అని తెలియదు, "ఊదారంగుది కొట్టు" అంటారు. అక్షరం చదవకుండానే పని అయిపోతోంది, రంగు గుర్తైపోయింది. రూపాయి గుర్తు కూడా అంతే. 2010 జులై 15న ప్రభుత్వం ఒప్పుకున్న ఆ గుర్తుని గీసింది డి. ఉదయకుమార్. దాంట్లో నాగరి ర ఉంది. తెలుగు వాళ్లకి అది అక్షరం కాదు, డబ్బు బొమ్మ.

ఇంకో వింత. ఫోన్ చేసే యాప్ మీద ఉండేది పాత ల్యాండ్‌లైన్ రిసీవర్. మా కాలనీలో ఒక్క ఇంట్లో కూడా ల్యాండ్‌లైన్ ఎప్పుడూ లేదు. సేవ్ బొమ్మ ఫ్లాపీ. నేను ఫ్లాపీని చేత్తో పట్టుకోలేదు. ఫోల్డర్, ట్రే, ఎన్వలప్, గేర్ చక్రం. పైన చెప్పిన ఆఫీసు బల్ల అమెరికాలో ఎవరిదో. ఆ బల్ల ముందు ఎన్నడూ కూర్చోని మనుషులు ఆ వస్తువుల్ని కంఠతా పట్టి వాడుతున్నారు. 2011 లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గిరిజనుల్లో చదువు వచ్చినవాళ్లు నూటికి 49 మంది, ఆడవాళ్లలో 40. మిగిలినవాళ్లకి బొమ్మలే దిక్కు అని చెప్పి, ఆ బొమ్మలు కూడా తెలియనివి ఇస్తే ఎట్లా?

అక్షరాల దగ్గర మాత్రం మనం కొన్ని గెలుపులు చూసినాం. యూనికోడ్ అని ఒక పట్టీ ఉంది, దాంట్లో నంబర్ ఉంటేనే ఫోన్ ఆ అక్షరాన్ని చూపిస్తుంది. తెలుగు 1991లో మొదటి పట్టీలోనే ఎక్కింది. (ఎక్కినా 2018 ఫిబ్రవరిలో జ్ఞా అనే మన ఒక్క అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్లు కుప్పకూలినాయి. ఆపిల్ వాళ్లు దానికోసం ప్రత్యేకంగా అప్‌డేట్ ఇచ్చుకోవాల్సి వచ్చింది. జ్ఞానంలో ఉండే అక్షరానికే అంత బలం ఉందని మా క్లాసులో జోకులు.) సవర భాషకి 1936లో మంగేయి గొమాంగో తయారు చేసిన సోరంగ్ సోంపెంగ్ లిపి 2012లో ఎక్కింది. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన పాత చేతిరాత ప్రతుల నుంచి బయటికి వచ్చిన గోండి లిపి, గుంజాల గోండి, 2018 జూన్ 5న యూనికోడ్ 11వ రూపంలో చేరింది.

ఆ పట్టీ తెరిచి చూస్తూ ఉంటే నాకు ఒకటి కనపడింది. అదే రోజు, అదే 11వ రూపంలో మామిడిపండు ఎమోజి కూడా చేరింది. బుట్ట ఎమోజి కూడా! గోండుల లిపి, బంగారుపాళ్యం మామిడి, ఎరుకల బుట్ట ఒకే బండిలో ఎక్కి వచ్చినట్టు. ఎవరూ అనుకుని చేసింది కాదు, నాకు మాత్రం ఆ రోజంతా సంతోషంగా ఉండింది. చిన్న గొడవ ఏమిటంటే, ఆ మామిడి గుండ్రంగా ఎర్రగా ఉంటుంది. చిలక ముక్కులాగా మొన ఉండే మన తోతాపురి కాదు.

ఇప్పుడు అసలు పని. బొమ్మ మార్చడం. ఐఫోన్‌లో 2020 సెప్టెంబర్లో పద్నాలుగో ఐఓఎస్ వచ్చినప్పుడు పిల్లలు షార్ట్‌కట్స్ యాప్‌తో సొంత బొమ్మలు పెట్టుకోవడం మొదలుపెట్టినారు. లాక్‌డౌన్ రోజులు, అందరూ స్క్రీన్లు సింగారించుకుని ఫోటోలు పెట్టినారు. షార్ట్‌కట్స్‌లో "యాప్ తెరువు" అనే పని ఎంచుకుని, హోమ్ స్క్రీన్‌కి చేర్చేటప్పుడు మన ఫోటో పెట్టుకోవచ్చు. ఆండ్రాయిడ్‌లో ఇది ముందునుంచీ తేలిక, ఎందుకంటే హోమ్ స్క్రీన్ చూపించే లాంచర్‌నే మార్చుకోవచ్చు. ఐకాన్ మార్చనిచ్చే లాంచర్ వేసుకుని, బొమ్మ మీద వేలు నొక్కిపట్టి, ఎడిట్‌లోకి పోయి, గ్యాలరీ నుంచి సొంత బొమ్మ ఎంచుకుంటే చాలు.

అవ్వని అడిగినా, "ఏ బొమ్మ కావాల?" అని. ఆమె ఎక్కువ ఆలోచించలేదు. పాటలకి మద్దెల. నాకు ఫోన్ చేసేదానికి నా ఫోటో వద్దు, "పక్షి పెట్టు, నువ్వు యెగిరిపోయినావు గదా" అనింది. కెమెరా అట్లే ఉండనీ అనింది. బ్యాంకుకి మాత్రం గట్టిగా చెప్పింది. "తేలు పెట్టు. తేలుంటే ఎవురూ చెయ్యి పెట్టరు."

గళ్ల పుస్తకం కొన్నాను, పది రూపాయలది. 32 గళ్లలో తేలు పట్టలేదు నాకు, 48 తీసుకున్నా. ఆమె మోచేతి పక్కన పెట్టుకుని గీసినా. ఫోన్‌లో ఉచిత డ్రాయింగ్ యాప్‌లో 512×512 కొలతలో మళ్లీ గీసి, వెనక రంగు లేకుండా పీఎన్‌జీగా దాచినా. లాంచర్‌లో పెట్టి చూస్తే తేలుకి కొండి లేదు! ఎందుకంటే 2017లో ఆండ్రాయిడ్ 8 నుంచి ఐకాన్ రెండు పొరలుగా ఉంటుంది, వెనక ఒకటి, ముందు ఒకటి. ఒక్కో పొర 108 యూనిట్లు. ఫోన్ కంపెనీ దాన్ని గుండ్రంగానో పలకగానో తన ఇష్టం వచ్చినట్టు కోస్తుంది. మధ్యలో 66 యూనిట్ల వలయంలో ఉండేదే భద్రం. నేను వాడిన లాంచర్ కూడా అదే లెక్కతో గుండ్రంగా కోసేసింది. "కొండి ల్యాకుంటే అది తేలా, పీతా?" అని అవ్వ ఒకటే నవ్వు. తేలుని చిన్నది చేసి మధ్యకి లాగినా.

మీరు కూడా మీ ఇంట్లో పెద్దవాళ్లకి చేసేటట్టయితే కొన్ని చూసుకోండి. ముందు అసలు యాప్ ప్లే స్టోర్ నుంచే వేసి, సరైనదేనా అని చూసుకుని, తర్వాతే బొమ్మ మార్చండి. దొంగ యాప్‌లు అసలు బొమ్మ వేసుకునే వస్తాయి, బొమ్మని నమ్మి యాప్‌ని నమ్మకూడదు. ఊరూ పేరూ తెలియని ఐకాన్ ప్యాక్ గానీ లాంచర్ గానీ ఎస్ఎంఎస్‌లు చదవడానికి అనుమతి అడిగితే తీసిపారేయండి, బొమ్మ పెట్టేదానికి మెసేజ్‌లతో ఏం పని? పిన్ నంబర్ బొమ్మ వెనక దాగదు, అది వేరేగా నేర్పించాల్సిందే. నోటిఫికేషన్‌లో మాత్రం కంపెనీ బొమ్మే కనపడుతుంది, ఆ సంగతి కూడా ముందే చెప్పండి, లేకపోతే మళ్లీ గొడవ. రంగులు ఒకదానికొకటి దూరంగా పెట్టండి, ఎండలో చూస్తారు కదా. కింద రాసే పేరు తెలుగులో పొడుగైతే సగంలో మూడు చుక్కలు పడతాయి, రెండు మూడు అక్షరాలు చాలు. అవ్వకి నేను అసలు పేరే తీసేసినా.

ఈ మధ్య ఆ యాప్ మళ్లీ అప్‌డేట్ అయింది. కంపెనీ ఇంకో బొమ్మ పెట్టింది. మా ఇంట్లో ఎవరికీ తెలియలేదు, తేలు తేలు లాగానే ఉండాది. చిన్నాయన కూడా తన ఫోన్లో ఒకటి పెట్టమన్నాడు. ఆయనకి ఏనుగు కావాలంట, ఇంకా గీయలేదు.

పోయిన ఆదివారం ఇంటికి పోయినప్పుడు అవ్వ ఫోన్ ముందర పెట్టుకుని కళ్లద్దాలు సర్దుకుని చూస్తా ఉంది. పిలిచింది. మోచేయి ముందుకు చాపి, వేలితో ఒక్కో చుక్కా ముట్టుకుంటా లెక్కపెట్టింది.

"మాయమ్మ కొండికి ఏడు చుక్కలు పెట్టింది రా. నువ్వు ఐదే పెట్టినావు."

గళ్ల పుస్తకం మళ్లీ తీసినా.